లియూ త్సిషిన్ పుస్తకాలు: ఎక్కడ మొదలుపెట్టాలి, బండి ఎక్కడ ఆగుతుంది

మీరు అడిగినవి మూడు. నెట్‌ఫ్లిక్స్‌లో సిరీస్ చూసి, చైనా సైన్స్ ఫిక్షన్ రచయిత లియూ త్సిషిన్ రాసిన 'త్రీ బాడీ' మూడు పుస్తకాలూ ఒకేసారి కొన్నారు, మొదటిది రెండుసార్లు వంద పేజీల దగ్గరే వదిలేశారు, తప్పు ఎక్కడుంది? ఫిజిక్స్ రానివాళ్ళు ఈయన్ని చదవగలరా? సిరీస్ చూసేశాక పుస్తకాల్లో ఇంకా మిగిలింది ఏమైనా ఉందా?

సూటిగా చెప్పాలంటే, ఆ మూడూ కొన్నాళ్ళు అల్మారాలో పెట్టేయండి. ముందు ఆయన కథలు చదవండి. లియూ త్సిషిన్ ప్రాథమికంగా కథకుడు, నవలల్లో కూడా ఆయన ఊపిరి కథల కొలతలోనే ఉంటుంది. ఒక భౌతిక సూత్రమో, ఒక ఊహో తీసుకుని దాన్ని చివరి మజిలీ దాకా తోసుకుంటూ పోవడం ఆయన పద్ధతి. ముప్ఫై నలభై పేజీల్లో ఆ పద్ధతి అలవాటైతే రెండో నవలలో ఎనభై పేజీలు నత్తనడక నడిచినా మీరు పుస్తకం మూయరు. అలవాటు కాకుండా నేరుగా నవలలోకి దిగితే, మనుషుల కథ కోసం వెతుక్కుంటూ విసిగిపోతారు. వంద పేజీల దగ్గర ఆగిపోయే వాళ్ళలో ఎక్కువమంది సంగతి ఇదే.

ఈ పద్ధతికి మూలం కొంత ఆయన బతుకులోనే ఉంది. 1963లో బీజింగ్‌లో పుట్టారు, పెరిగింది షాన్షీ రాష్ట్రంలో యాంగ్‌చువాన్ అనే బొగ్గుగనుల ఊళ్ళో. జలవిద్యుత్ కాలేజీలో చదివి, షాన్షీలోనే నియాంగ్‌జిగ్వాన్ థర్మల్ పవర్ ప్లాంటులో కంప్యూటర్ ఇంజనీరుగా ఏళ్ళ తరబడి పనిచేశారు. పేరు తెచ్చిన కథలూ నవలలూ చాలావరకు ఆ ఉద్యోగం చేస్తూ రాసినవే. అందుకే ఆయన కథలో ప్రపంచం అంతమైపోతున్నా ముందు వచ్చే ప్రశ్న 'ఎన్ని ఇంజన్లు కావాలి, ఇంధనం ఎక్కడినుంచి' అన్నదే. ఏడుపులు తర్వాత.

కథల్లో మొదట 'ది వాండరింగ్ ఎర్త్' చదవండి, 2000లో రాసినది. సూర్యుడు పేలబోతున్నాడని తెలిసి, భూమికే ఇంజన్లు బిగించి, సూర్యుడికి అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ దగ్గరికి తోసుకుపోవడం కథ. మొత్తం పన్నెండు వేల ఇంజన్లు. ముందు భూమి తిరగడం ఆపాలి, తర్వాత సూర్యుడి పట్టు నుంచి తప్పించుకోవాలి, ఆ పైన రెండున్నర వేల ఏళ్ళ ప్రయాణం, అంటే సుమారు వంద తరాలు. 2019లో వచ్చిన సినిమా చూసి కథ తెలిసిపోయిందనుకోకండి. సినిమా అంతా బృహస్పతి గండం మీద నడుస్తుంది. కథలో బృహస్పతిని దాటడం ఒక మజిలీ మాత్రమే. కథ అసలు బిగువు సూర్యుడు నిజంగా పేలతాడా అని జనానికి అనుమానం మొదలయ్యాక జరిగే తిరుగుబాటులో ఉంది. సినిమా దాని జోలికి పోలేదు.

ఈ కథ మీదే చిన్న లెక్క వేసి చూడండి, ఈయన్ని ఎలా చదవాలో పట్టుబడుతుంది. ప్రాక్సిమా దూరం 4.24 కాంతి సంవత్సరాలు. 2500 ఏళ్ళలో చేరాలంటే సగటు వేగం సెకనుకు సుమారు 500 కిలోమీటర్లు. భూమంత బరువుని ఆ వేగానికి తేవడానికి పట్టే శక్తి, సూర్యుడు దాదాపు 65 ఏళ్ళపాటు నలుదిక్కులా వెదజల్లే మొత్తం శక్తికి సమానం. అవతల మళ్ళీ బ్రేకు వేయడానికి ఇంకో అంత. అసాధ్యమని వేరే చెప్పక్కర్లేదు. పైగా కథలో పేలుడికి కారణంగా చెప్పే 'హీలియం ఫ్లాష్' (నక్షత్రం నడిబొడ్డులో హీలియం ఒక్కసారిగా మండిపోవడం) మన సూర్యుడిలో నిజంగా జరగాల్సింది ఇంకో ఐదు వందల కోట్ల ఏళ్ళు దాటాక, రెడ్ జెయంట్‌గా ఉబ్బిన దశలో. ఈ రెండు అబద్ధాల్నీ ఒప్పుకుంటే చాలు, మిగతా కథంతా ఒక ఇంజనీరు రాసిన ప్రాజెక్టు రిపోర్టంత కచ్చితంగా నడుస్తుంది. ఆయన ప్రతి రచనలోనూ ఇలాంటి పెద్ద అబద్ధం ఒకటో రెండో ఉంటాయి. అవి ఏవో గుర్తుపట్టి దాటేస్తే సగం పని అయిపోయినట్టే.

రెండోది 'ది విలేజ్ టీచర్'. చైనాలో ఒక నిరుపేద కొండ ఊరు, కేన్సర్‌తో చావుబతుకుల్లో ఉన్న పంతులు. తన దగ్గరున్న కొద్దిమంది పిల్లల చేత న్యూటన్ మూడు సూత్రాలు బట్టీ పట్టిస్తాడు. అర్థం కాకపోయినా ముందు నోటికి రావాలని బతిమాలుతాడు. అక్కడినుంచి కథ హఠాత్తుగా గెలాక్సీ యుద్ధంలోకి దూకుతుంది. నక్షత్రాలను పేల్చి మధ్యలో ఖాళీ జాగా చేస్తున్న ఒక నౌకాదళం, పేల్చే ముందు ఆ నక్షత్రం దగ్గర నాగరికత ఉందో లేదో పరీక్ష పెడుతుంది. పరీక్షకి దొరికింది ఎవరో మీరే ఊహించగలరు. కథ సొగసు ఆ తర్వాత ఉంది. జ్ఞాపకాన్ని నేరుగా ఒకరినుంచి ఒకరికి పంపుకోలేని జీవులు, గాలిలో శబ్దాలు చేస్తూ సెకనుకు కొద్ది బిట్ల చొప్పున జ్ఞానాన్ని తరం నుంచి తరానికి దాటించుకుంటున్నారని ఆ నౌకాదళం వాళ్ళు నమ్మలేకపోతారు. మరి ఇంత దూరం ఎలా ఎదిగారని అడిగితే, ఆ పని చేయడానికి వాళ్ళలో ప్రత్యేకంగా కొందరుంటారని తెలుస్తుంది. 2019లో వచ్చిన 'క్రేజీ ఏలియన్' అనే కామెడీ సినిమా ఈ కథ పేరు చెప్పుకునే వచ్చింది. అది చూసి కథ మీద ఓ అంచనాకి వచ్చేయకండి, రెంటికీ పోలిక దాదాపు లేదు.

ఈ రెండూ అయ్యాక 'సన్ ఆఫ్ చైనా', 'మౌంటెన్' చదవండి. మొదటిదాంట్లో పల్లెటూరినుంచి వచ్చిన కుర్రాడు నగరంలో ఎత్తయిన భవనాల అద్దాలు తుడిచే పనినుంచి, అంతరిక్షంలో వేలాడే మహా అద్దాన్ని తుడిచే పనికి ఎలా చేరాడో ఉంటుంది. రెండోదాంట్లో ఒక గ్రహం లోపలి బోలులో పుట్టి, తమ లోకం మొత్తం రాయేననీ తామున్నది అందులో ఒక బుడగ అనీ నమ్మే జీవులు, బయట ఏముందో తెలుసుకోవడానికి రాయి తొలుచుకుంటూ ఎలా పైకి వచ్చారో ఉంటుంది. వాళ్ళ గురుత్వాకర్షణ సిద్ధాంతం ఎలా పుట్టిందో చెప్పే ఆ పేజీలు సైన్స్ ఫిక్షన్‌లో అరుదైనవి. ఇంగ్లీషులో 'ది వాండరింగ్ ఎర్త్' పేరుతో ఒక సంపుటి, 2020లో 'టు హోల్డ్ అప్ ది స్కై' పేరుతో మరొకటి ఉన్నాయి. పంతులు కథ రెండోదాంట్లో ఉంది, మిగతా మూడూ మొదటిదాంట్లో. మొదటి సంపుటి ఒక్కటే కొనే వీలుంటే అదే కొనండి.

ఇక త్రయం. చైనాలో మొదటి భాగం చెంగ్డూ నుంచి వచ్చే 'సైన్స్ ఫిక్షన్ వరల్డ్' పత్రికలో 2006లో సీరియల్‌గా వచ్చింది, 2008లో పుస్తకమైంది. 'ది డార్క్ ఫారెస్ట్' కూడా 2008లోనే, 'డెత్స్ ఎండ్' 2010లో. ఇంగ్లీషులో మొదటిదీ మూడోదీ కెన్ లియూ, రెండోది జోయెల్ మార్టిన్‌సెన్ అనువదించారు. 2014, 2015, 2016లో వరసగా వచ్చాయి. 2015లో మొదటిదానికి సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే పేరున్న బహుమతి హ్యూగో వచ్చింది. ఒక అనువాద నవలకి ఆ బహుమతి రావడం అదే మొదలు.

పేర్ల గొడవ మనకి నిజానికి అంత ఉండకూడదు. చైనావాళ్ళకి కూడా మనలాగే ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. మొదటి పుస్తకంలోని యె వెన్‌జియెలో 'యె' ఇంటిపేరు, వాంగ్ మియావ్‌లో 'వాంగ్' ఇంటిపేరు. కాబట్టి యె జెతాయ్, యె వెన్‌జియె అని కనిపిస్తే తండ్రీకూతుళ్ళని వెంటనే అర్థమవుతుంది. షి చియాంగ్ అనే పోలీసునే అందరూ 'దా షి' అని పిలుస్తారు, ఇద్దరూ ఒకరే. మొదటి పుస్తకానికి ఒక చీటీ మీద ఐదారు పేర్లు రాసుకుని అట్ట లోపల పెట్టుకుంటే సరిపోతుంది.

మొదటి పుస్తకంలో బండి ఆగేది ఆట అధ్యాయాల దగ్గర. కథ 1967లో సాంస్కృతిక విప్లవం రోజుల్లో, విద్యార్థులు ఒక భౌతికశాస్త్ర ప్రొఫెసర్‌ని అందరి ముందూ కొట్టి చంపడంతో మొదలవుతుంది. (చైనా పుస్తకంలో ఈ భాగం మధ్యలోకి నెట్టారు, ఇంగ్లీషులో రచయిత అసలు అనుకున్నట్టు ముందుకి వచ్చింది.) అంత బలమైన ఆరంభం తర్వాత, ఒక నానో పదార్థాల శాస్త్రవేత్త వీడియో గేములో కూర్చుని పిరమిడ్లూ చక్రవర్తులూ చూస్తూ ఉంటే, ఇదంతా దేనికిరా అనిపించడం సహజం. అక్కడ ఒక్క విషయం పట్టుకోండి. ఆటలో ప్రతి అంకమూ ఒకే లెక్కకి ఒక కొత్త ప్రయత్నం. ఆ లోకంలో సూర్యుడు ఎప్పుడు ఉదయిస్తాడో, ఉదయిస్తే ఎంతసేపు ఉంటాడో ఎవరికీ తెలియదు. ఒకాయన శకునాలతో, ఒకాయన యంత్రాలతో, ఒకాయన గణితంతో క్యాలెండరు కట్టబోయి దెబ్బతింటారు. ఎవరి పద్ధతి ఎక్కడ ఓడిపోయిందో చూసుకుంటూ వెళ్తే ఆ అధ్యాయాలు డిటెక్టివ్ కథలా నడుస్తాయి. పాత్రల పేర్లు చరిత్రలోవి కాబట్టి వాళ్ళ చరిత్రంతా వెతుక్కుంటూ పోకండి, అవసరం లేదు.

వాటిలో మూడు కోట్లమంది సైనికులతో కంప్యూటర్ కట్టే ఘట్టం మాత్రం తొందరపడకుండా చదవండి. ముగ్గురు సైనికుల్ని త్రికోణంలో నిలబెడతారు. ఒక్కొక్కరి చేతిలో ఒక తెల్ల జెండా, ఒక నల్ల జెండా. తెలుపు సున్నా, నలుపు ఒకటి. ఇద్దరు ఇన్‌పుట్, మూడోవాడు అవుట్‌పుట్. ముందున్న ఇద్దరూ నల్లజెండా ఎత్తితేనే మూడోవాడు నల్లది ఎత్తాలి, లేకపోతే తెల్లది. అదే 'అండ్' గేటు. నియమం కాస్త మారిస్తే 'ఆర్' గేటు. చదువురాని సైనికుడు కూడా కాసేపట్లో నేర్చుకుంటాడు. అలాంటి లక్షల గేట్లని మైదానంలో పేర్చి, గుర్రాల మీద దౌడు తీసే వాళ్ళని డేటా మోసే దారిగా వాడి, సూర్యుడి గమనం లెక్కకడతారు. డిజిటల్ సర్క్యూట్లు చదివినవాళ్ళకి ఒళ్ళు పులకరిస్తుంది, చదవనివాళ్ళకి కంప్యూటర్ ఎలా పనిచేస్తుందో మొదటిసారి కళ్ళకి కడుతుంది. దీన్నే 'ది సర్కిల్' పేరుతో విడి కథగా కూడా మలిచారు.

ఫిజిక్స్ ఎంత కావాలన్న ప్రశ్నకి వస్తే, ఇంటర్ స్థాయి చాలు. అది కూడా మర్చిపోయినా ఫర్వాలేదు. కాకపోతే ఏది నిజమో ఏది కల్పనో కలిపేసుకోకూడదు. మూడు పెద్ద వస్తువులు ఒకదాన్నొకటి లాక్కుంటుంటే వాటి గమనానికి అన్ని సందర్భాలకీ పనికొచ్చే సూత్రం లేదన్నది నిజం. 19వ శతాబ్దం చివర్లో పోయింకారే ఆ చిక్కుముడి ఎంత లోతైనదో చూపించాడు. ఆరంభంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా తర్వాత ఫలితం పూర్తిగా మారిపోతుంది. అయితే నవల చెప్పే ఇరుగుపొరుగు నక్షత్రాలు, అంటే నిజమైన ఆల్ఫా సెంటారీ, అంత అల్లకల్లోలంగా లేవు. అక్కడ రెండు పెద్ద నక్షత్రాలు సుమారు 80 ఏళ్ళకి ఒకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. మూడోది, ప్రాక్సిమా, భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి దాదాపు పదమూడు వేల రెట్ల అవతల ఉంది. దాని లాగుడు మిగతా రెంటినీ పెద్దగా కదపలేదు. ఆ వ్యవస్థ హాయిగా స్థిరంగా ఉంది.

నవలలో సూర్యుణ్ణి రేడియో యాంప్లిఫయరుగా వాడుకోవడం పూర్తిగా కల్పన. గ్రహాంతరవాసులు ప్రోటాన్‌ని విప్పి దాని మీద సర్క్యూట్ చెక్కి మళ్ళీ మడిచి పంపే 'సోఫాన్' కూడా కల్పనే. ఆ ప్రయోగం మొదట తప్పడం, ప్రోటాన్ ఒకే పరిమాణంలోకి (డైమెన్షన్‌లోకి) విచ్చుకుని ఆకాశంనుంచి సన్నటి దారాలై రాలడం, ఇంకోసారి మూడు పరిమాణాల్లోకి విచ్చుకుని వింత ఆకారాలు తేలడం, ఆయన ఊహ ఎంత దూరం పోగలదో చూపించే ఘట్టం. సోఫాన్లు నాలుగు కాంతి సంవత్సరాల అవతలికి తక్షణం కబురు చేరవేస్తాయన్నది మాత్రం భౌతికశాస్త్రం ఒప్పుకోదు. క్వాంటం ఎంటాంగిల్‌మెంట్ (దూరంగా ఉన్న రెండు కణాల స్థితులు ముడిపడి ఉండటం) ద్వారా కాంతి కన్నా వేగంగా సమాచారం పంపలేం. ఈ నవల చదివి దీన్ని నిజమనుకున్నవాళ్ళు చాలామంది కనిపిస్తారు.

రెండో పుస్తకంలో ఆగే చోటు మొదటి మూడోవంతులోనే. లువో జీ అనే సోమరి ప్రొఫెసరు తన ఊహలో ఒక అమ్మాయిని సృష్టించుకుని, ఆమె కోసం ప్రభుత్వ ఖర్చుతో వెతికించుకునే భాగం చాలామందికి విసుగు, కొంతమందికి చిరాకు. చిరాకు న్యాయమే. ఆడవాళ్ళని రాయడంలో లియూ చెయ్యి బలహీనం, అక్కడ ఆ బలహీనత బట్టబయలవుతుంది. వేగంగా చదివి దాటండి గానీ పూర్తిగా వదలకండి, చివర్లో ఆ అమ్మాయి ప్రస్తావన అవసరమవుతుంది. జాంగ్ బెయ్‌హాయ్ అనే నావికాదళ అధికారి వచ్చే పేజీలు ఒక్కటీ వదలొద్దు. త్రయం మొత్తంలో మనసులో మాట పాఠకుడికి కూడా చెప్పకుండా చివరిదాకా నడిచే పాత్ర అదొక్కటే.

విశ్వంలో కనబడిపోయిన నాగరికత బతకదు, కాబట్టి అందరూ దాక్కునే ఉంటారన్నది ఈ పుస్తకం అసలు ప్రతిపాదన, దానికి పునాది రెండు మాటలు. బతికి ఉండటం ప్రతి నాగరికతకీ మొదటి అవసరం. నాగరికతలు పెరుగుతూనే ఉంటాయి, విశ్వంలో పదార్థం మాత్రం పెరగదు. వీటికి రెండు భావనలు తోడు. ఎదుటివాడు మంచివాడో కాదో, నేను మంచివాణ్ణని వాడు నమ్ముతాడో లేదో తేలని అనుమానాల గొలుసు ఒకటి. ఈరోజు వెనకబడ్డవాడు రేపు హఠాత్తుగా ముందుకి దూకేయగలడన్న భయం ఇంకొకటి. సమాధి దగ్గర జరిగే మొదటి సంభాషణలోనే ఇవన్నీ వచ్చేస్తాయి. ఆ రెండు మూడు పేజీలకి గుర్తు పెట్టుకుని, పుస్తకం చివర్లో మళ్ళీ వెనక్కి తిప్పి చూడండి. వాదన మీద అభ్యంతరాలు లేకపోలేదు. భూమి గాలిలో ఆక్సిజన్ చేరి రెండు వందల కోట్ల ఏళ్ళు దాటింది. దూరంనుంచి జీవం ఆనవాళ్ళు పసిగట్టగలిగే వాళ్ళకి మనం ఎప్పుడో దొరికిపోయి ఉండాలి, ఇప్పుడు కొత్తగా దాక్కోవడానికి ఏమీ లేదు. నవలలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అడిగి ఉంటే పుస్తకం ఇంకా బలపడేదని నా అభిప్రాయం.

ఆయన భయం ఎలా పుట్టిస్తారో చూడాలంటే ఈ పుస్తకంలోనే గ్రహాంతరవాసులు పంపిన 'నీటిబొట్టు' అనే వస్తువు వచ్చే అధ్యాయాలు ఉన్నాయి. మూడున్నర మీటర్ల పొడవు, బొట్టు ఆకారం, అద్దంలా మెరిసే ఒంటి మీద ఒక్క అతుకు లేదు. శాస్త్రవేత్తలు దాని ఉపరితలాన్ని పెద్దది చేసి చూస్తారు. వంద రెట్లు, వెయ్యి రెట్లు, లక్ష రెట్లు, కోటి రెట్లు. ఎంత చూసినా అదే నునుపు. అణువుల స్థాయికి దగ్గరపడ్డా గరుకుతనం కనబడదు. అప్పుడు డింగ్ యీ అనే భౌతికశాస్త్రవేత్తకి విషయం అర్థమవుతుంది. భయపెట్టే విశేషణం ఒక్కటి వాడకుండా, కొలతలతోనే గుండె జారిపోయేలా చేస్తారు. తర్వాత జరిగేది చెప్పను. ఈ డింగ్ యీ అంతకుముందు 2004 నాటి 'బాల్ లైట్నింగ్' నవలలో ముఖ్య పాత్ర. అది త్రయం తర్వాతైనా చదవొచ్చు, ముందు చదివితే ఆ మనిషి మీద అభిమానం పెరిగి ఈ అధ్యాయం ఇంకొంచెం గట్టిగా తగులుతుంది.

'డెత్స్ ఎండ్' మూడింట్లో పెద్దది, చెదురుమదురుగా ఉండేది, నా లెక్కలో గొప్పది. పుస్తకం మొదట్లోనే యుగాల పట్టిక ఒకటి ఉంటుంది. అది చూస్తే ఏం జరగబోతోందో కొంత తెలిసిపోతుంది కాబట్టి మొదటిసారి దాన్ని చదవకండి. మధ్యలో దారి తప్పినప్పుడు వెనక్కి వెళ్ళి చూసుకోండి. 1453లో కాన్‌స్టాంటినోపుల్ ముట్టడితో మొదలవడం చూసి వేరే పుస్తకం కొన్నామా అని కంగారు పడొద్దు. ఈ పుస్తకం ముఖ్య పాత్ర చెంగ్ షిన్ తీసుకునే నిర్ణయాల మీద తిట్టుకోనివాళ్ళు తక్కువ. కానీ ఆవిడ స్థానంలో నిలబడి చూస్తే అప్పటికి ఆవిడకి తెలిసినంతలో తప్పేమిటో చెప్పడం కష్టం. మధ్యలో యున్ తియెన్‌మింగ్ చెప్పే మూడు జానపద కథలు వస్తాయి. వాటిని పిల్లల కథలని దాటేస్తే నవల సగం చెయ్యిజారినట్టే. గొడుగు, సబ్బు, మనుషుల్ని బొమ్మగీసే చిత్రకారుడు, ఈ మూడు వచ్చిన చోట్ల పెన్సిలుతో గీత పెట్టుకుని ఏది దేనికి సంకేతమో మీరే ఊహించి రాసుకోండి. నవలలో నిపుణుల బృందం కూడా అదే పనిలో తలపట్టుకుంటుంది. వాళ్ళకి తట్టనిది మీకు ముందే తట్టవచ్చు.

ఇక సిరీస్ సంగతి. 2024 నాటి నెట్‌ఫ్లిక్స్ ఎనిమిది ఎపిసోడ్లలో మూడు పుస్తకాల పాత్రలనీ ఒకే స్నేహితుల గుంపుగా కలిపేశారు. సాల్ పాత్రలో లువో జీ, జిన్‌లో చెంగ్ షిన్, విల్‌లో యున్ తియెన్‌మింగ్ ఉన్నారు. మూడో పుస్తకం ఆరంభంలోని అంతరిక్ష నౌక ప్రయత్నం కూడా మొదటి సీజన్‌లోకే వచ్చేసింది. అందువల్ల అది చూసినవాళ్ళు 'మొదటి పుస్తకం తెలుసు కదా' అని రెండోదానితో మొదలుపెడితే తికమకే. మొదటిదాన్నుంచే చదవాలి. 2023లో టెన్సెంట్ తీసిన ముప్ఫై ఎపిసోడ్ల చైనా సిరీస్ ఒక్క మొదటి పుస్తకాన్నే, దాదాపు పేజీ పేజీ పట్టుకుని వెళ్తుంది. సాంస్కృతిక విప్లవం భాగం మాత్రం బాగా పలచబడింది. పుస్తకం చదివాక చూస్తే ఆట అధ్యాయాలు కళ్ళారా చూడొచ్చు, ఓపిక ఉంటే.

2019లో ఒక అమెరికన్ పత్రిక ఇంటర్వ్యూలో లియూ షిన్‌జియాంగ్‌లో వీగర్ ముస్లింల పట్ల చైనా విధానాన్ని సమర్థించారు. మరుసటి ఏడాది ఐదుగురు అమెరికన్ సెనేటర్లు ఈ కారణంగానే నెట్‌ఫ్లిక్స్‌కి ఉత్తరం రాశారు. అది తెలిశాక చదవబుద్ధి కాకపోతే ఆ నిర్ణయం మీది. నా మట్టుకు, మొదటి పుస్తకం మొదటి అధ్యాయం రాసిన చెయ్యీ ఆ మాటలన్న నోరూ ఒకరివేనన్న వైరుధ్యం అలాగే ఉండిపోయింది, దాన్ని సర్దిచెప్పే ప్రయత్నం చేయను.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. 'ది రిడెంప్షన్ ఆఫ్ టైమ్' అనే పుస్తకాన్ని చాలా అంగళ్ళు త్రయంలో నాలుగో భాగంగా అమ్ముతాయి. అది బావోషూ అనే మరో రచయిత అభిమానంతో రాసిన కొనసాగింపు, లియూది కాదు. యున్ తియెన్‌మింగ్ గురించి మూడో పుస్తకం కావాలని చెప్పకుండా వదిలినవన్నీ అందులో వివరించేస్తారు. చదవాలనుకుంటే 'డెత్స్ ఎండ్' రెండోసారి చదివాకే దాని జోలికి వెళ్ళండి.